పద్దు ఎందుకు రాయడం లేదు

సెక్టర్ 6, భిలాయి
1994 మే 4

నా బంగారు పద్దూ,

డ్యూటీకి బయలుదేరుతుంటే అమ్మమ్మ ఊరినుంచి నీ మొదటి ఉత్తరం అందింది. ఆస్పత్రి దారిలో సైకిలు ఆపి నీడన నిలబడి ఒకసారి చదివాను. వార్డులో దుప్పట్లు మార్చడం అయ్యాక మళ్ళీ చదివాను. అమ్మమ్మ ఆవకాయ కలుపుతుంటే నువ్వు కారం చేత్తో కళ్ళు నులుముకున్న సంగతి చదివి నవ్వుకుంటుంటే నర్సు "క్యా హువా, దుర్గా?" అంది. ఆమెకి హిందీలో చెప్పాను గానీ ఆ నవ్వు అందులోకి రాలేదు.

రెండు మూడు చోట్ల దీర్ఘాలు మరిచిపోయావు. ఫరవాలేదు. బళ్ళో ఎప్పుడూ హిందీ రాసే చేతికి తెలుగు పట్టుబడాలంటే రోజూ రాయాలి. సెలవులు కదా అని పెన్సిలు పక్కన పెట్టకు, రోజుకో పేజీ రాయి. ఏమి రాయాలని అడిగావు. అత్త ఏమి వండిందో, మామయ్య ఎవరిమీద కేకలేశాడో రాయి. ఏమీ జరగని రోజు ఎలా గడిచిందో అదైనా రాయి.

ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. నిన్న మధ్యాహ్నం కూలర్లో నీళ్ళు పోసి, నువ్వు లేవని మరిచిపోయి, దాన్ని నీ మంచం వైపు తిప్పాను. అలాగే ఉంచేశాను.

నీ ఉత్తరం కోసం గుమ్మంలో ఉన్న
అమ్మ


భిలాయి
మే 24

పద్దూ, నా తల్లీ,

ఆ తర్వాత నీ దగ్గర్నుంచి ఒక్క అక్షరం రాలేదు. మామయ్య కార్డు మాత్రం వచ్చింది. కాగితం ముందు పెడితే గోడవైపు తిరిగి కూర్చుంటున్నావట. మొన్న పెన్సిలు పొయ్యిలో పడేశావట. నాకు కోపం రాలేదు. భయం వేసింది.

నీకు చెప్పకుండా దాచిన మాట ఒకటి ఉంది. జూన్‌లో నిన్ను తీసుకురావడానికి నేను రావడం లేదు. అక్కడి బళ్ళో ఆరో తరగతిలో చేర్పించమని మామయ్యను నేనే అడిగాను. తెలుగు రాయమని నీ వెంటపడింది అందుకే.

నాన్న కామెర్లతో పోయాక ఆయన బదులు నాకు ఈ ఆయా ఉద్యోగం ఇచ్చారు. దానికి దండం పెట్టుకుంటాను. కానీ రాత్రి డ్యూటీ పడ్డ వారమంతా నువ్వు ఒక్కదానివే పడుకోవాలి. ఫిబ్రవరిలో ఒకరోజు నేను తెల్లారి ఇంటికి వచ్చేసరికి నువ్వు నాన్న స్వెట్టరు కప్పుకుని, కాలిపోతున్న ఒంటితో గోడకి జేరబడి కూర్చున్నావు. "రాత్రంతా ఏటి చేసేవే?" అంటే, "నీ కోసం చూసేను" అన్నావు. ఆ రాత్రి వార్డులో నేను ఎవరి పిల్లకో నుదుటి మీద తడిగుడ్డ వేస్తూ కూర్చున్నాను పద్దూ. ఆ పొద్దునే నిశ్చయించుకున్నాను. అక్కడైతే నీ పక్కన అమ్మమ్మ ఉంటుంది.

నిన్ను వదిలించుకుంటున్నానని అనుకోకు. ఇంట్లో నీ గొంతు వినపడకపోయినా ఉత్తరంలోనైనా వింటానని ఆశపడ్డాను. నా మీద కోపముంటే ఆ కోపమే రాయి. నాలుగు ముక్కలు చాలు.

నీ
అమ్మ


పార్వతీపురం
మే 30

అమ్మా,

నాకు ముందే తెలుసు. ఇందుమతి అత్త పక్కింటావిడతో అంటుంటే విన్నాను. "తెలుగు రాయడం వచ్చీసిందంటే ఇక్కడ బళ్ళో ఏసీడవే" అంది. అందుకే మానేశాను. రాయడం రాకపోతే బళ్ళో తీసుకోరు కదా. అప్పుడు నువ్వు రావాలి కదా.

కానీ నీకు చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. అందుకని పడుకున్నప్పుడు అమ్మమ్మ వీపు మీద వేలితో రాస్తున్నాను. "ఏటి రాస్తన్నావే?" అంటుంది. ఏటీ లేదంటాను. అమ్మమ్మకి చదువు రాదు కాబట్టి ఎవరికీ చెప్పదు.

ఫిబ్రవరిలో నాకు భయం వెయ్యలేదు అమ్మా. జ్వరం వచ్చింది, అంతే. నువ్వు భయం వేసిందా అని అడగలేదు. ఏడుస్తూ మందు వేసేశావు. నాకు అక్కడ ఎందుకు భయం? ఎంత రాత్రైనా పొద్దున్న నువ్వు వస్తావు. ఇక్కడ అమ్మమ్మ పక్కనే ఉంటుంది. కానీ పొద్దున్న నువ్వు రావు.

తప్పులుంటే ఉండనీ. అవి ఉంటేనే మంచిది.

పద్మశ్రీ


భిలాయి
జూన్ 6

పద్దూ,

నీ ఉత్తరం చదివి, చెప్పులైనా వేసుకోకుండా పక్క బ్లాకులో కన్నమ్మ పిన్ని ఇంటికి వెళ్ళాను. ఆవిడ ఒంటరి మనిషని నీకు తెలుసు. రాత్రి డ్యూటీ వారాల్లో మా ఇంట్లో పడుకుంటావా అని అడగడానికి నాన్న పోయినప్పటినుంచీ మొహమాటపడుతూనే ఉన్నాను. నిన్న అడిగేశాను. బియ్యం ఏరుకుంటూ తలైనా ఎత్తకుండా, "నాకు మాత్రం ఒక్కద్దాన్నీ పడుకోడం బాగుంటాదేటి? ఇన్నాళ్ళూ అడగవేటే?" అంది. ఇంతకాలం నేను అడగలేక ఆగిపోయింది ఆ ఒక్క మాటే.

నీకు ఏది మంచిదో ఆలోచించాను గానీ, నిన్ను అడగాలని తోచలేదు. ఇకమీదట అడుగుతాను.

నిన్ను తీసుకొచ్చేస్తానని మామయ్యకు వేరే రాశాను. నిన్ను ఉంచుకోవడానికి వాళ్ళు మంచి మనసుతోనే ఒప్పుకున్నారు. అత్త మీద కోపం పెట్టుకోకు. నేను వచ్చేదాకా మళ్ళీ రాస్తూ ఉండు. అమ్మమ్మ వీపు మీద రాసినవన్నీ కాగితం మీద పెట్టు. పోస్టులో వెయ్యకు, నా చేతికివ్వు. బండిలో తిరిగి వచ్చేటప్పుడు నువ్వు కిటికీ పక్కన కూర్చో, నేను చదువుకుంటాను.

శనివారం బయలుదేరుతున్నాను. ఆదివారం మధ్యాహ్నానికి అక్కడ దిగుతాను. ఎండలో స్టేషనుకి రావద్దని రాయబోయాను.

రామ్మా.

అమ్మ