మామయ్యగారి గ్రీకు పాఠం

జ్ఞానశేఖర్ బావగారికి, పద్మారావు నగర్ నుంచి మీ మరదలి వందనాలు.

మొన్న పక్కింటి ఖమర్ బీ మామయ్యగారిని మోండా మార్కెట్ నుంచి వెంటబెట్టుకొచ్చి, "ఇల్లు యాదికొస్తలేదంట, జెర చూసుకోండ్రి" అంది. ఫోన్లో చెబితే మీరు, కంప్యూటర్లో గ్రీకు బైబిలు వచనాలన్నిటికీ అర్థం తప్పు లేకుండా చెప్పే మనిషికి డాక్టరెందుకన్నారు. మీ తమ్ముడూ అదే మాట పట్టుకు కూర్చున్నారు.

మీరు పంపిన గ్రీకు పాఠాల సీడీ ఆయన రోజూ పెట్టుకుంటున్నారు. నేను పక్కన కూర్చుని చూశాను. తెర మీద ప్రతి వచనం పైన అధ్యాయం, వచనం అంకెలు ఉంటాయి. ఆయన గ్రీకు చదవడం లేదు. ఆ అంకెలు చూసి, సండే స్కూల్లో కంఠతా పట్టిన తెలుగు వచనం ఒప్పజెబుతున్నారు.

నిన్న అంకెలు లేకుండా విడి పదాలు పెట్టాను. మొదటి పాఠంలోని పదమే వచ్చింది. చాలాసేపు చూసి, "ఇది మనకి చెప్పలేదమ్మా" అన్నారు. అర్థం కోసం నేనే మీట నొక్కి చూశాను. కుమారుడు అట.

సోమవారం డాక్టరుకి చూపిస్తున్నాం. మీరు రండి. ఎవరు బాబూ అని అడిగితే నొచ్చుకోకండి. ఏదైనా ఒక వచనం మొదలుపెట్టండి. మిగతాది ఆయన చెబుతారు.