పాత పెట్రోలు పైపు

బావా,

మీరు పోయి ఏడాది నిండింది. ఈరోజు రావులపాలెంలో మన షెడ్డుకి భీమవరం రాజుగారు కొత్త కారుతో వచ్చారు. ఇంజను పవరు పెంచాలట, పెద్ద ఫ్యూయల్ పంపు వేయాలట.

"మీ బావగారు లేరు కాబట్టి ధైర్యంగా తెచ్చానయ్యా. పాత కారు ఆయన చేతి పని వల్లే కదా తగలబడింది" అన్నారు.

ఆ పాత కారుకి పంపు మార్చే రోజు మీరు బయటికి వెళ్తూ నాకు చెప్పే వెళ్లారు, పెద్ద పంపు వేస్తే ప్రెషర్ పెరుగుతుంది, పైపులు కూడా మార్చమని. నేను బద్ధకించి పాత రబ్బరు పైపే బిగించేశాను. గోదావరి వంతెన దాటకముందే అది పగిలి, పెట్రోలు ఇంజను మీద పడి అంటుకుంది. రాజుగారు దూకి బయటపడ్డారు. ఎవరు బిగించారని ఆయన అరిస్తే, "నేనేనండి" అన్నారు మీరు. నేను పక్కనే ఉండి నోరు విప్పలేదు.

ఈరోజు మాత్రం, "ఆ పైపు బిగించింది నేనండి" అన్నాను. ఆయన నా వంక చూసి, కారు తీసుకుని వెళ్లిపోయారు.

వెనక్కి తిరిగితే అక్క టీ గ్లాసులతో నిలబడి ఉంది. అంతా విన్నది.

"నాతో కూడా తనే బిగించానని చెప్పారురా మీ బావ" అంది.