నాగేశప్ప సర్వీసు

మత్తిగిరి,
2-2-1961, గురువారం.

అంచెట్టిలో ఉన్న బావ గోవిందప్పకు, అక్క అంగాళమ్మకు నాగేశప్ప నమస్కారాలు. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. మీరూ, మీ గొడ్డూ గోదా బాగున్నారని తలుస్తాను.

వారంగా మంచు విడవడం లేదు. పొద్దెక్కినా కొట్టాలూ చెట్లూ పాలలో ముంచినట్టు తెల్లగా ఉంటున్నాయి. ఈ రోజు ఆబోతుకు మేత వేసి, ఒళ్లు తోమి, కాసేపు దాని పక్కనే కూర్చున్నాను. దాని ఊపిరి చేతికి వెచ్చగా తగులుతుంటే, నిద్రా కాదు మెలకువా కాదు, ఏవేవో జ్ఞాపకం వచ్చాయి.

నాకు పశువుల ఫారంలో పని దొరికినప్పుడు, తమ్ముడు సర్వీసులో చేరాడని అక్క ఊరంతా చెప్పింది. చేరాక చూస్తే, ఆవును ఆబోతుకు కట్టించడాన్ని కూడా రిజిస్టరులో సర్వీసు అనే రాస్తారు. మీ ఊరికి బస్సు వేస్తే అదీ సర్వీసే. పోయిన ఏడు బాగలూరులో మునెప్ప బావికి కరెంటు ఇస్తే, సర్వీసు వచ్చిందని అతను అందరికీ బెల్లం పంచాడు. ఇదంతా చెబితే అక్క, ఏమిరా నాగేశా, దొరలకు మాటలు కరువైనాయా, నీకూ ఎద్దుకూ బస్సుకూ ఒకటే పేరు పెట్టినారే అని నవ్వింది. ఎద్దు సర్వీసుకు పోతే దూడన్నా పుడతాది, నువ్వు పోయి ఏం తెచ్చినావు అని కూడా అన్నది.

కూర్చున్నచోట ఆ సర్వీసులన్నీ ఒక్కటై, ఆ తెలుపులో చప్పుడు లేకుండా ఎటో కదిలిపోతున్నట్టు అనిపించింది.

ఇక విషయం. ఈ ఎర్ర ఆబోతు కూతుళ్లే ఈడుకొచ్చాయి గనుక దీన్ని ఫారం సర్వీసు నుంచి తీసేశారు. దీని కోసం మీ పంచాయతీ పెట్టిన అర్జీ మంజూరైంది. శనివారం నేనే నడిపించుకొని బయలుదేరుతాను, ఆదివారం సాయంత్రానికి చేరతాం. దీనికి నీ కొట్టంలో చోటు ఇవ్వాలి బావా. నాకు అక్కరలేదు. సోమవారం బస్సుకే తిరిగి వచ్చి పనిలో చేరాలి, అంతకు మించి లీవు లేదు.

ఇట్లు,
నాగేశప్ప

తా.క. అన్నా, నేను మంజులమ్మను. పైదంతా ఆయన చెప్తే నేను రాసినాను. ఇది ఆయనకు తెలియదు. ఆయన కళ్లు మసకలై ఆరు నెలలైంది. ఇక్కడ మంచు లేదు, ఎండ బాగా కాస్తావుంది. రిజిస్టరు చదవలేకపోతే పోయిన నెలతో పని నుంచి నిలిపినారు. ఈ ఆబోతును మీ ఊరికి చేర్చేదే ఆయనకు కడపటి పని. తిరిగి వచ్చి చేరేదానికి పని లేదు, ఈ ఇల్లు కూడా ఖాళీ చేయాల. మీకు బరువవుతానని ఆయన నోరు విప్పరు, అందుకే నేను అడుగుతున్నాను. ఎద్దుతోపాటు ఆయనకూ చోటు ఇవ్వండి. బస్సు ఎక్కించి పంపొద్దు. నేను సామాన్లు తీసుకొని వెనకాల వస్తాను. తోడు వస్తానంటే ఆయన వద్దన్నారు. మీరు డెంకణికోట దాకా ఎదురు పోవాల. ఉత్తరం మీ ఊరి బస్సు కండక్టరు జయరామప్ప చేతికి ఇచ్చి పంపుతున్నాను.

ఈ పొద్దు శనివారం, తెల్లవారి ఐదు గంటలకు ఆయనా ఆబోతూ బయలుదేరినారు.