యంత్రానికి కొత్త పళ్లు

ఏమయ్యా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మన పిడుగురాళ్ల క్వారీకి రాయి తవ్వే యంత్రం వచ్చింది. తోలేది మన పెద్దోడే. దాని తొట్టికి ముంజేయంత ఇనుప పళ్లున్నాయి. మన సున్నపురాయి వాటినీ అరగదీసింది!

ఇవాళ అవి రాతిమీద జారుతుంటే వాడు దిగి చేత్తో తడిమి చూశాడు. "మొద్దుబారినయ్యమ్మా, ఇంక పట్టవు" అన్నాడు. సమ్మెటతో మేకులు ఊడగొట్టి పాతవి తీసేసి, కొత్తవి తొడిగాడు.

"చానా దూరంగా నిలబడు" అంటూ మళ్లీ ఎక్కాడు. నువ్వు రోజంతా పగలగొట్టే రాయిని ఆ యంత్రం ఒక్క పట్టున ఎత్తింది.

అది తవ్వేది నిన్ను పొట్టన పెట్టుకున్న గట్టునే. ఇవాళా పైనుంచి బండలు దొర్లిపడ్డాయి. ఈసారి కింద మనుషులెవరూ లేరయ్యా.