తాడు పట్టినోడి వాటా

మంగళవారం రాత్రి, మైపాడు

నేనిచ్చిన కిడ్నీ తమ్ముడి ఒంట్లో ఇన్నాళ్లూ బాగానే పనిచేసింది. ఈరోజు నెల్లూరులో రక్తపరీక్ష చూసి, క్రియాటినిన్ పెరిగిందన్నారు డాక్టరుగారు. "నొప్పుల మాత్రలు ఏమైనా మింగుతున్నావా?" అని అడిగితే వాడు లేదన్నాడు.

తిరుగు బస్సులో, కిటికీ వైపు చూస్తూ నిజం చెప్పాడు. "ఒడ్డున అలివి వల లాగినాక నడుం పట్టేస్తా ఉందక్కా. అందరూ వేసుకునే మాత్రలే గదా అని నేనూ వేసుకున్నా."

"వల జోలికి పోవద్దన్నారు గదరా!"

"తాడు పట్టినోడికే గదక్కా వాటా. ఊరికే ఇస్తే తీసుకోడానికి సిగ్గు నాకు."

వాడి వాటా చేపలు ఎవరి కోసమో నేను అడగలేదు. ఆపరేషన్ అయినప్పటి నుంచి, "తినక్కా, బలం రావాల" అంటూ నా గుమ్మంలో పెట్టి పోతున్నది అవే.

డాక్టరుగారికి ఫోన్ చేసి అంతా చెప్పాను. మాత్రలు వెంటనే ఆపేయమన్నారు. పాడైంది తిరిగి బాగవుతుందో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు. వాణ్ణి తిట్టాలని నోటిదాకా వచ్చింది, తిట్టలేకపోయాను. నాకు బలం రావాలని, నేనిచ్చినదాన్నే అరగదీసుకున్నాడు పిచ్చోడు.

నిన్న వాడు తెచ్చిన చేపల పులుసు దబరలో ఇంకా ఉంది. రెండోరోజుకే దానికి రుచి. మూత తీయడానికి చెయ్యి రావడం లేదు.