సీసా మీద పెన్ను గీత

ఏమండీ,

తమరు నిద్ర లేచాక తొమ్మిదింటికి బుడ్డోడికి ఏదన్నా తినిపించి యాంటీబయాటిక్ పట్టండి. ఆయాసపడితే నాకోసం చూడకుండా ఆసుపత్రికి పరుగెత్తండి.

ఇక డి విటమిన్ చుక్కల సంగతి. నిన్న మా ల్యాబులో వాడి రక్తం నా చేతులతో నేనే మిషన్లో పెట్టాను. ముప్పై ఉండాల్సింది తొమ్మిది వచ్చింది. అది తక్కువైతే పసిపిల్లలకి నెమ్ము తొందరగా పట్టొచ్చని పోయిన నెల డాక్టరమ్మ చెప్తే మీరు బుద్ధిమంతుడిలా తలూపారు. క్యాలెండర్లో నెలంతా టిక్కులు పెట్టారు. రాత్రి ఇంటికొచ్చి సీసా తీసి చూశాను. కొన్న రోజు నేను పెన్నుతో గీసిన గీత దగ్గరే మందు ఉంది, చుక్క తగ్గలేదు! ఎవరి కళ్ళు కప్పుదామని ఆ టిక్కులు? వాడికిది మూడోసారి నెమ్ము. సాయంత్రం నేనొచ్చాక నాకు కథలు చెప్పకండి.

ఇవాళ నా కళ్ళముందే చుక్కలు వేయాలి.

ఇంకోమాట. ఆదివారాల టిక్కులు నావి. నేనూ మూత తీయలేదు. ఒక్కరోజేగా, మిగతా ఆరు రోజులూ మీరు వేస్తున్నారుగా అనుకున్నాను.