ఆదివారం చేతులు

అక్కా,

రేపు నీ జ్ఞాపకార్థ కూడిక. అందరి ముందు నాకు నోరు పెగలదు, అందుకే ఇవాళే రాస్తున్నాను. నీ కూతురు రూతుకు రొమ్ములో గడ్డ తగిలింది. కంగారుపడకు, అది క్యాన్సర్ కాదు. సూదితో పరీక్ష చేయించి, ఉత్త కొవ్వు గడ్డేనని గుంటూరులో డాక్టరమ్మగారు నిన్ననే చెప్పారు.

నువ్వు వెళ్లిపోయాక, పోయినేడు మిరప కళ్లంలోకి నర్సమ్మ వచ్చి, నెలకోసారి రొమ్ములు తడిమి చూసుకోమంటే అందరం నవ్వాం.

"ఈ మంట చేతులతోనా తల్లీ?" అంది మార్తమ్మ పెద్దమ్మ.

తొడిమలు తీసిన చేతుల్ని మనం ఒంటికి తగలనివ్వం కదా. చివరికి మేమే తేల్చుకున్నాం: పనిలేని ఆదివారం, చర్చికెళ్లే ముందు స్నానం చేస్తూ చూసుకోవాలని. రూతుకు అలాగే దొరికింది.

నువ్వు "నొప్పి లేదుగా, అదే పోద్దిలే" అంటూ ఏడాదిపాటు పైట కింద దాచుకున్నావు. ఇదేమో మర్నాడే కళ్లంలో, "పిన్నీ, నా రొమ్ములో గడ్డుంది, ఆసుపత్రికి పోదాం పద!" అని అరిచింది. కాయలు కాటా వేస్తున్న మేస్త్రీ తలొంచుకుని అవతలికి పోయాడు.

నీ కూతురికి బొత్తిగా సిగ్గు లేదక్కా. దేవుడికి స్తోత్రం.